మోరిస్ మైనర్ ట్రావెలర్ మోడల్‌ని రాజమండ్రిలో ప్రింట్ చేయించాను: షాపు పనితనం గురించి

మోరిస్ మైనర్ ట్రావెలర్ అంటే వెనక భాగం కర్ర ఫ్రేముతో ఉండే పాత బ్రిటిష్ కారు, దాని చిన్న మోడల్‌ని 3డి ప్రింటింగ్‌లో చేయించాను. ముందు అసలు సంగతి చెప్పేస్తాను. కారు బాడీ ప్రింటు చాలా బాగా ఇచ్చారు, వెండిలో పోత పోసిన చిన్న భాగాలు ఇంకా బాగా ఇచ్చారు. రంగు వేసే పని మాత్రం వాళ్ళకి అప్పగించకండి. కర్ర భాగాలు ఎంత చవగ్గా చేసిస్తామన్నా సరే, ప్లాస్టిక్‌లో ప్రింట్ చేయించుకోకండి. ఇక్కడిదాకా చదివి ఆపేసినా మీకు కావలసింది దొరికినట్టే. కానీ గోదావరి జిల్లాల్లో స్కేల్ మోడల్స్ (అసలు కొలతల్ని ఒకే లెక్కలో తగ్గించి చేసే నమూనాలు) కట్టేవాళ్ళం చాలా తక్కువమందిమి, ఎవరు ఎక్కడ ఏం చేయించారో ఒకరి సంగతి ఒకరికి తెలియడం లేదు, ప్రతి చిన్న పనికీ హైదరాబాద్ వైపో బెంగళూరు వైపో చూస్తున్నాం, అందుకని వివరంగా రాస్తున్నాను.

షాపు పేరు ఇక్కడ పెట్టడం లేదు. మెచ్చుకున్నవాటితో పాటు గొడవ పడ్డవి కూడా రాస్తున్నాను, అదేమో ఇద్దరు అన్నదమ్ములు నడుపుకునే చిన్న చోటు. నగల పని జరిగే సందుల వైపు, మేడ మీద ఉంటుంది. వాళ్ళ అసలు వ్యాపారం బంగారం షాపులకి కాస్టింగ్ అచ్చులు, పళ్ళ డాక్టర్లకి దవడ మోడళ్ళు ప్రింట్ చేసివ్వడం. కారు మోడల్ కావాలని అడిగినవాళ్ళు నాకు ముందు ఎవరూ రాలేదట. అయినా అన్నగారు ఫైలు తెరిచి కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, చేసేద్దామండి, పన్ను అంచు కన్నా సన్నగా ఉన్నదేం లేదు కదండీ ఇందులో" అన్నారు. ఆ మాటతోనే నాకు సగం నమ్మకం కుదిరింది. పన్నుకి తొడిగే క్యాపు కొలత తేడా వస్తే పేషెంటు ఊరుకోడు, ఉంగరం కొలత తేడా వస్తే పెళ్ళివారు ఊరుకోరు. అలాంటి పని రోజూ చేసేవాళ్ళకి కొలత విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇక కారు సంగతి. మోరిస్ మైనర్ మన దేశానికి కొత్తేమీ కాదు, 1950ల మొదట్లో హిందుస్తాన్ మోటార్స్ దాన్నే బేబీ హిందుస్తాన్ పేరుతో అమ్మింది. తర్వాత వచ్చిన అంబాసిడర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిందే కాబట్టి, మైనర్‌ని ముందు నుంచి చూస్తే మనవాళ్ళకి ఎక్కడో చుట్టరికం తెలుస్తుంది. అలెక్ ఇసిగోనిస్ డిజైన్ చేసిన ఈ కారు 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో బయటికొచ్చింది. ఇదే ఇసిగోనిస్ తర్వాత 1959లో మినీని తెచ్చాడు. మైనర్‌లో స్టేషన్ వ్యాగన్ రకం పేరు ట్రావెలర్, 1953 నుంచి 1971 దాకా తయారైంది. ముందు సగం మామూలు మైనరే, ఉక్కు రేకు. ముందు తలుపులు దాటాక మాత్రం యాష్ కర్రతో ఫ్రేము కట్టి, ఆ కర్రల మధ్యలో అల్యూమినియం రేకులు బిగించారు. వెనక రెండు తలుపులు చెరో పక్కకి తెరుచుకుంటాయి, పక్క అద్దాలు ముందుకీ వెనక్కీ జరుగుతాయి, వెనక సీటు మడిస్తే లోపలంతా చదునుగా సామాను పెట్టుకునే చోటు.

ఆ కర్ర అలంకారం కాదు. అమెరికాలో కొన్ని పాత వ్యాగన్ల మీద కర్రలా కనిపించే స్టిక్కరు అతికించేవాళ్ళు, ఇది ఆ బాపతు కాదు. వెనక బాడీ మొత్తం ఆ ఫ్రేము మీదే నిలబడుతుంది. ఇంగ్లండులో ఏటేటా జరిగే ఎంఓటి అనే బండి తనిఖీలో ఈ కర్ర పుచ్చిపోయి ఉంటే కారుని పాస్ చేసేవాళ్ళు కాదు. మన కోనసీమ పాత ఇళ్ళలో దూలం పుచ్చితే కప్పు కింద పడుకోనివ్వం కదా, అంత ముఖ్యమైన కర్ర అది. అందుకే ఈ కారు మోడల్ కట్టాలంటే సగం మెకానిక్కు పని, సగం వడ్రంగం పని. నాకు ఈ కారు మీద మనసు పడటానికి కారణం కూడా అదే.

నాకు తెలిసి ట్రావెలర్ దొరికేది ఎక్కువగా డైకాస్ట్‌లో (లోహం పోత పోసిన బొమ్మ కార్లు), రెడీమేడ్‌గా. అవి బాగానే ఉంటాయి కానీ కర్ర అంతా రంగే. నాకు కట్టుకోవడం కావాలి. విదేశీ డిజైనర్ ఒకాయన దగ్గర సొంతానికి ప్రింట్ చేసుకునే లైసెన్సుతో ఎస్‌టిఎల్ ఫైలు (3డి ప్రింటరుకి ఇచ్చే డిజైను) కొన్నాను. అందులో కర్ర ఫ్రేము, రేకు, తలుపులు అన్నీ ఒకే ముద్దగా ఉన్నాయి. ఇక్కడే షాపు వాళ్ళు నన్ను బాగా మెప్పించారు. నేను అడిగింది ఇదీ: కర్ర ఉండాల్సిన ప్రతి చోటా బాడీ మీద ఒక మిల్లీమీటరు లోపు పల్లం చెయ్యండి, అందులో నేను నిజం కర్ర కూర్చుకుంటాను. తమ్ముడు సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని ఆ ఫ్రేము మొత్తాన్ని విడదీసి, వెనక చక్రం మీద వంపుతో సహా, పల్లం అంచులు నిక్కచ్చిగా ఉండేలా తయారు చేశాడు. నగల్లో రాళ్ళు కూర్చడానికి గూడు చేసే అలవాటు ఉంది కాబట్టి, "రాయికి గూడు చేసినట్టే కదండీ" అన్నాడు. ఆ మాత్రం దానికి విడిగా డబ్బు కూడా ఎక్కువ అడగలేదు. మామూలు 3డి ప్రింటింగ్ షాపుల్లో ఫైలు ఇస్తే ఉన్నది ఉన్నట్టు ప్రింట్ చేసి చేతిలో పెడతారు, మార్చమంటే మా పని కాదంటారు. ఇక్కడ అలా కాదు.

కొలతలు. అసలు ట్రావెలర్ పొడవు సుమారు 3785 మిల్లీమీటర్లు, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2184. ఇరవై నాలుగో వంతు స్కేలులో ఇవి దాదాపు 158, 91 మిల్లీమీటర్లు అవుతాయి. చేతికొచ్చిన బాడీని వెర్నియర్‌తో కొలిచాను, రెండూ సరిగ్గా ఉన్నాయి. నేను ముఖ్యంగా చూసుకున్నది బానెట్ మధ్యలో ఉండే బల్లపరుపు పట్టీ. మైనర్ తయారీకి వెళ్ళబోయే ముందు కారు మరీ సన్నగా ఉందనిపించి ఇసిగోనిస్ ప్రోటోటైపుని నిలువునా రెండుగా కోయించి నాలుగు అంగుళాలు ఎడంగా జరిపించాడు, చూపుకి బాగుందని అలాగే ఖాయం చేశాడు. ఆ నాలుగు అంగుళాలే బానెట్ మీద పట్టీగా మిగిలాయి. మన స్కేలులో అది నాలుగు మిల్లీమీటర్లకి కొంచెం పైన. ఆ పట్టీ అంచులు తెలిస్తేనే అది మైనర్ మొహం, లేకపోతే ఏదో గుండ్రటి పాత కారు. ప్రింటులో స్పష్టంగా వచ్చింది. వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టేటప్పుడు అక్కడ వేలితో నొక్కకుండా చిన్న చెక్కముక్కకి పేపరు చుట్టి రుద్దండి, లేకపోతే వచ్చిన అంచు కాస్తా పోతుంది.

ప్రింటు నాణ్యత గురించి తెలిసినవాళ్ళ కోసం ఇంకొంచెం. ద్రవంలా ఉండే రెజిన్‌ని వెలుతురుతో పొర పొరగా గట్టిపరిచే ఎల్‌సిడి రెజిన్ ప్రింటరు, పొర మందం 0.05 మిల్లీమీటర్లు. అసలు కారు మీద లెక్క వేస్తే ఒక్కో పొర 1.2 మిల్లీమీటర్ల మెట్టు అన్నమాట. కంటికి కనపడదు కానీ మెరిసే రంగు వేశాక లైటు కింద పైకప్పు మీద పట్టేస్తుంది. బాడీని పడుకోబెట్టి ప్రింట్ చేస్తే పైకప్పు వంపు మీద ఆ మెట్లు వెడల్పుగా, మ్యాపులో గీతల్లా వస్తాయి. వీళ్ళు ఏటవాలుగా నిలబెట్టి, ప్రింటుకి ఆసరాగా వచ్చే సపోర్టు పుల్లలన్నీ లోపలి వైపే వచ్చేలా పెట్టారు. బయట వైపు సపోర్టు మచ్చ ఒక్కటి కూడా లేదు, లోపల పైకప్పు అడుగున ఉన్నవి ఎలాగూ కనపడవు. చిన్న ప్లేటు ఉన్న నగల ప్రింటర్లలో 158 మిల్లీమీటర్ల బాడీ పట్టక రెండు ముక్కలుగా చెయ్యాల్సి వస్తుంది, వీళ్ళ దగ్గర దవడ మోడళ్ళ కోసం కొన్న పెద్ద మెషీను ఉంది కాబట్టి ఒకే ముక్కగా వచ్చింది.

రెజిన్ విషయంలో మాత్రం మీరు నోరు తెరిచి అడగాలి. ప్రింటు అయ్యాక నీళ్ళతో కడిగే వాటర్ వాషబుల్ రెజిన్ వద్దని చెప్పండి. కడగడం సులువని చాలామంది అదే వాడతారు, కానీ అది తేమ పీల్చుకుంటుంది, పల్చటి చోట్ల వంకర తిరగడమో పగలడమో జరుగుతుంది. కాలవలూ చెరువులూ మధ్యన ఉండే మన ఇళ్ళలో ఆషాఢం నుంచి కార్తీకం దాకా గోడలే చెమ్మగా ఉంటాయి, ఆ రెజిన్ మనకి పనికిరాదు. ఆల్కహాల్‌తో కడిగే, ఏబీఎస్ ప్లాస్టిక్ లాంటి గట్టి రెజిన్ అడగండి. వాళ్ళ దగ్గర ఉంది, ధర కొంచెం ఎక్కువ. ప్రింటు ఇంటికి తెచ్చాక ఎండలో పెట్టకండి. రెజిన్‌కి ఎండలోని అల్ట్రా వయొలెట్ తగిలే కొద్దీ ఇంకా ఇంకా గట్టిపడి పసుపెక్కి పెళుసవుతుంది. వీలైనంత త్వరగా ప్రైమర్ కొట్టేస్తే దానికి రక్ష.

ఇప్పుడు ఈ షాపులో తప్ప ఇంకెక్కడా నేను చూడని పని. బంపర్లు, వీల్ క్యాపులు, హెడ్‌లైటు రింగులు, తలుపు హ్యాండిళ్ళు, బానెట్ మీద బ్యాడ్జి, ఇవన్నీ క్రోమ్ భాగాలు. స్కేల్ మోడల్ కట్టేవాళ్ళకి క్రోమ్ ఎప్పుడూ తలనొప్పే. కిట్లలో వచ్చే మెరుపు పూత బొమ్మలా ఉంటుంది, క్రోమ్ పెన్నులు వేలు తగిలితే మసకబారతాయి, రేకు అతికిస్తే మూలల్లో ముడత పడుతుంది. వీళ్ళు ఏం చేశారంటే, ఆ భాగాల్ని నగల కాస్టింగ్‌కి వాడే రెజిన్‌లో ప్రింట్ చేసి, ఉంగరం పోసినట్టే ప్లాస్టరు అచ్చులో పెట్టి, రెజిన్‌ని కాల్చేసి ఆ ఖాళీలో వెండి పోశారు. తర్వాత పాలిష్ పట్టి రోడియం అనే లోహం పూత పెట్టారు. రోడియం లేకపోతే వెండి గాలికి నల్లబడుతుంది, పూత ఉంటే అలా మెరుస్తూనే ఉంటుంది, ఆ మెరుపులో కొంచెం నీలం ఛాయ ఉంటుంది, అది అచ్చం పాత కారు క్రోమే. ఆ వీల్ క్యాపుని చేతిలోకి తీసుకున్నప్పుడు దాని చల్లదనమూ బరువూ చూసి నాకు నోట మాట రాలేదు. చిటికెన వేలి గోరు కన్నా చిన్నది, మధ్యలో ఉబ్బు, అంచు చుట్టూ గాడి, అన్నీ ఉన్నాయి.

బ్యాడ్జి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మోరిస్ గుర్తు నది దాటుతున్న ఎద్దు, కింద అలలు. ఆక్స్‌ఫర్డ్ ఊరి చిహ్నం నుంచి వచ్చింది. మన స్కేలులో ఆ ఎద్దు ఆవగింజంత కూడా ఉండదు. అయినా భూతద్దం పెట్టి చూస్తే ఎద్దు వెన్ను, కొమ్ములు తెలుస్తున్నాయి. పాలిష్ పట్టిన కుర్రాడికి ఎక్కడ ఆపాలో తెలిసింది, ఇంకొక్క నిమిషం రుద్దితే కొమ్ములు పోయేవి.

గొడవ పడిన విషయం కూడా ఇక్కడే ఉంది. మొదట ఇచ్చిన బంపర్లు పొట్టిగా వచ్చాయి. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుదించుకుంటుంది, అచ్చు ప్రింట్ చేసేటప్పుడే ఆ మేరకు పెద్దది చెయ్యాలి. ఉంగరాలకి ఆ లెక్క వేసే వీళ్ళు, కారు ఫైలు కదా అని ఉన్నది ఉన్నట్టు ప్రింట్ చేసేశారు. ఉంగరంలో అయితే ఆ తేడా కొద్దిగానే ఉంటుంది, అరవై మిల్లీమీటర్లు దాటిన బంపరులో దాదాపు మిల్లీమీటరు తేడా కొట్టింది, రెండు కొసలూ మడ్‌గార్డు లోపలికి పోయాయి. చూపిస్తే తమ్ముడు ముందు ఒప్పుకోలేదు, మీ ఫైలులోనే అంతుంది అన్నాడు. వెర్నియర్ పెట్టి, ప్రింటు కొలతా పోత కొలతా పక్కపక్కన చూపించాక అన్నగారు కలగజేసుకుని, పాత వెండి వెనక్కి తీసుకుని కొత్తవి పోసిచ్చారు, మజూరీ అడగలేదు. మీరు వెళ్తే పోత పోసే భాగాలన్నిటికీ కుదింపు లెక్క వేశారా అని ముందే అడగండి, ఆర్డరు కాగితం మీద రాయించుకోండి.

వెండి భాగాల ధర నగల లెక్కే. తూకం, దాని మీద తరుగు, మజూరీ. బంపరు ఒక్కొక్కటి రెండు గ్రాములు అటూ ఇటూ, మిగతావన్నీ కలిపినా అంతకి కొంచెం ఎక్కువ. వెండి రేటుని బట్టి మారుతుంది కాబట్టి అంకె రాయడం లేదు. బడ్జెట్ తక్కువైతే ఇత్తడిలో పోసి నికెల్ పూత వేయించుకోండి, బంపర్లకి అది కూడా బాగానే ఉంటుంది. బ్యాడ్జీకి, వీల్ క్యాపులకి మాత్రం వెండే తీసుకోండి, సన్నటి గీతలు దాన్లోనే బాగా పడతాయి.

ఇక కర్ర. షాపు వాళ్ళు ఫ్రేముని కూడా ప్రింట్ చేసి గోధుమ రంగు వేసి ఇస్తామన్నారు, శాంపిల్ చూపించారు. మర్యాదగా వద్దన్నాను. ప్లాస్టిక్‌కి ఎంత బాగా రంగు వేసినా కర్ర లోపలికి వెలుతురు దిగి మళ్ళీ బయటికొచ్చే ఆ తీరు రాదు. వార్నిష్ వేసిన నిజం కర్రని పక్కకి తిప్పితే చార ఒకసారి ముదురుగా ఒకసారి లేతగా మారుతుంది. అది కంటికి తెలియకుండానే తెలుస్తుంది, అదే ఈ మోడల్‌కి ప్రాణం.

అయితే ఏ కర్ర అన్నది పెద్ద ప్రశ్న. యాష్ కర్రకి చారలు పెద్దవి, అసలు కారు మీద అందంగా ఉంటాయి. కానీ అదే యాష్‌ని తెచ్చి ఇరవై నాలుగో వంతు మోడల్ మీద పెడితే, ఆ చారలు స్కేలులో తగ్గవు కదా, ఒక్కో చార అసలు కారు లెక్కన అరచేయంత వెడల్పై కూర్చుంటుంది. మన టేకుదీ అదే సమస్య, పైగా ముదురు రంగు. ఈ స్కేలులో కావలసింది లేత రంగు, దాదాపు కనపడనంత సన్నటి చార, రెండు మిల్లీమీటర్ల వెడల్పుకి కోసినా చీలిపోని గుణం. నాకు దొరికిన సమాధానం అంకుడు కర్ర. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే కర్ర ఇదే, వరాహ నది ఒడ్డున ఆ ఊరి పనివాళ్ళు తరతరాలుగా దీన్నే తరిణి మీద తిప్పుతున్నారు. ఏనుగు దంతంలా లేతగా, నునుపుగా ఉంటుంది. కొండపల్లి బొమ్మల పొనికి కూడా చూశాను. తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, బొమ్మ చెక్కడానికి బంగారంలాంటిది, కానీ ఇంత సన్నటి పట్టీలకి అంచు నిలవదు. అంకుడే సరైనది.

పట్టీలు చేయించింది నరసాపురం వైపు పడవల పని చేసి ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్న పెద్ద మేస్త్రి గారి దగ్గర. మిల్లీమీటరు మందం పలకలు కావాలంటే నవ్వేసి, "పడవ పలక అంగుళంన్నర బాబూ, నువ్వు అడిగింది చిత్రిక పొట్టు" అన్నారు. కానీ చేసిచ్చారు. ముందు కర్ర ముక్కని నీడలో బాగా ఆరబెట్టించారు, పచ్చి మీద పల్చగా తీస్తే మెలి తిరుగుతుందని. తర్వాత చిత్రిక పట్టి పట్టి మందం తెచ్చి, చివర గాజు ముక్కతో గీకారు. గరుకు కాగితం పెట్టనివ్వలేదు, పొడి చారల్లోకి పోయి వార్నిష్ కింద మసగ్గా కనిపిస్తుందన్నారు. ఆయన చెప్పింది నిజమే, గీకిన ముక్కకీ రుద్దిన ముక్కకీ వార్నిష్ వేసి చూస్తే తేడా స్పష్టం.

పలకల్లోంచి పట్టీలు స్టీలు స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో కోసుకోవచ్చు. నిలువు పట్టీలు, అడ్డ పట్టీలు సులువే. వెనక చక్రం మీద వంపు కష్టం. పట్టీని తడిపి వంచితే చార కూడా వంపు తిరిగిపోతుంది, అసలు కారులో ఆ వంపు ముక్కల్ని వంచి చెయ్యలేదు, కోసి అతికించారు. అందుకని పలక మీద వంపు గీసుకుని రెండు ముక్కలుగా కోసి మధ్యలో అతుకు కనపడనివ్వండి. ఆ అతుకు గీత ఉంటేనే చూసినవాళ్ళకి ఇది నిజం అనిపిస్తుంది. షాపు చేసిన పల్లం ఎంత సరిగ్గా వచ్చిందంటే ముక్కలు వేలితో నొక్కితే కూర్చున్నాయి. జిగురుకి సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లగా బూజులా పట్టేస్తుంది, కర్రలోకి ఇంకిన చోట వార్నిష్ పట్టదు. నెమ్మదిగా ఆరే ఎపాక్సీ చాలా కొంచెం, అగ్గిపుల్ల మొనతో.

రంగు గురించి ఒక మాట. ట్రావెలర్ కర్ర కొత్తలో లేత తేనె రంగు, చాక్లెట్ రంగు కాదు. షాపు శాంపిల్‌లో చేసిన తప్పు అదే. స్పష్టమైన వార్నిష్‌లో ఒక్క బొట్టు పసుపు ఛాయ చాలు. నేను కట్టింది 1960ల చివరి కారు, కొన్నేళ్ళు వానలో తిరిగినట్టు, కాబట్టి కింది పట్టీల అతుకుల దగ్గర నీళ్ళు నిలిచే చోట సన్నగా నలుపు దించాను. మన వీధి తలుపు కింది అంచు వానాకాలంలో ఎలా నల్లబడుతుందో అలాగే, పై నుంచి కాదు, కింద నుంచి పైకి, అతుకు దగ్గర ఎక్కువ, చార వెంబడి పాకుతూ. ఇది చూసి చెయ్యడానికి మనకి ఇంగ్లండు వెళ్ళక్కర్లేదు, ఏ పాతింటి గుమ్మం ముందైనా కూర్చుంటే చాలు.

బాడీ రంగు సంగతి. షాపులో రంగు వేసివ్వడం కూడా ఉంది, స్ప్రే డబ్బాలతో. శాంపిల్‌గా పెట్టిన కారులో తలుపు గీతలు పూడుకుపోయాయి, అంచులన్నీ మందంగా ఉన్నాయి. దవడకి రంగు అక్కర్లేదు, ఉంగరానికీ అక్కర్లేదు, ఆ పని వాళ్ళకి అలవాటు లేదు. అడిగితే నిజాయితీగానే, అది మా కుర్రాడు సరదాగా మొదలుపెట్టాడండి అన్నారు. మీకు ఎయిర్‌బ్రష్ (గాలితో సన్నగా రంగు చిమ్మే పరికరం) లేకపోతే మీ ఊళ్ళో కార్లకి డెంటింగ్ పెయింటింగ్ చేసే మంచి మేస్త్రిని పట్టుకోండి, చిన్న గన్‌తో వేసిపెడతాడు. నేను ఎంచుకున్నది ఆల్మండ్ గ్రీన్, ఆ కాలపు బ్రిటిష్ కార్లలో బాగా తిరిగిన లేత బూడిద పచ్చ. అప్పట్లో మోరిస్ కార్లు చేసిన బీఎంసీ కంపెనీ వాళ్ళ కోడ్ జీఎన్ 37. కంప్యూటర్ మిక్సింగ్ ఉన్న పెయింటు షాపులో షేడు కలిపించుకుని, అందులో కొంచెం తెలుపు కలపండి, ఇంత చిన్న వస్తువు మీద అసలు షేడు కంటికి ముదురుగా కనిపిస్తుంది.

మన దగ్గర అసలు శత్రువు గాలిలో తేమ. టిన్నరు త్వరగా ఆవిరైపోతున్నప్పుడు పైపొర చల్లబడి గాలిలో తేమ దాని మీద చేరుతుంది, రంగు పాలలా తెల్లబారుతుంది. మేస్త్రిలు దీనికి నెమ్మదిగా ఆరే టిన్నరు, ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డరు వాడతారు. వాన ముసురులో అది కూడా సరిపోదు, ఎండ కాసిన మధ్యాహ్నం పూట వెయ్యాలి. పల్చటి కోటింగులు, మధ్యలో గ్యాపు ఇచ్చి. కర్ర కూర్చకముందే రంగు పని మొత్తం అయిపోవాలి, పల్లాల్లోకి రంగు పోకుండా టేపు వెయ్యండి, లేకపోతే ఆ పొర మందానికే పట్టీలు కూర్చోవు.

అద్దాలు, టైర్లు త్వరగా చెప్పేస్తాను. పక్కనా వెనకా ఉన్న అద్దాలు చదునువి, ఓహెచ్‌పీ షీటు (పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం) కోసుకుంటే సరిపోతుంది, జరిగే అద్దాలు రెండూ ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కినట్టు అతికిస్తే బాగుంటుంది. ముందు అద్దం 1956 తర్వాత కార్లకి ఒకటే ముక్క, వంపు ఉంటుంది, షాపు వాళ్ళు దాని అచ్చు ఒకటి ప్రింట్ చేసిచ్చారు, వేడి చేసిన షీటు దాని మీద వంచుకోవడానికి. ఆ ఆలోచన వాళ్ళదే, నేను అడగలేదు. టైర్లు మెత్తటి రెజిన్‌లో ఇచ్చారు, పర్వాలేదు, కానీ మెరుపు ఎక్కువ, మ్యాట్ నలుపు కొట్టాల్సిందే. డాష్‌బోర్డులో స్పీడోమీటరు మధ్యలో ఉంటుంది, స్టీరింగు మనలాగే కుడి వైపు. ఆ స్పీడోమీటరు ముఖం మాత్రం ప్రింటులో రాలేదు, ఒట్టి గుండ్రం. డెకాల్ (పల్చటి బొమ్మ స్టిక్కరు) వేసుకోవాలి.

బాడీ, కింద ఫ్లోరు, సీట్లు, డాష్, అచ్చు అన్నీ కలిపి గట్టి రెజిన్‌లో మూడు వేల లోపు అయింది. చేసిన పనికి న్యాయమైన ధర. అమలాపురం, పాలకొల్లు వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి రావులపాలెం, జొన్నాడ మీదుగా ఒక పూట పని, సరుకు స్వయంగా వెళ్ళి తెచ్చుకోండి. ప్యాకింగ్ వాళ్ళకి చేతకాదు. నాకు మొదటి బాడీ పార్సిల్లో వచ్చేసరికి ముందు అద్దం పక్కన స్తంభం విరిగి ఉంది. ఒట్టి కవర్లో కాగితాలు కుక్కి పంపారు, లోపల ఆసరా లేదు. ఫోటో పంపితే మర్నాటి దాకా జవాబు లేదు, ఫోను చేస్తే తీయలేదు, చివరికి మాట్లాడాక మళ్ళీ ప్రింట్ చేసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. ఇవ్వాల్సింది ఇస్తారు, కానీ అడిగించుకుంటారు. నాకు నచ్చని గుణం అదొక్కటే.

ఆలస్యం కూడా ఉంటుంది. శ్రావణ మాసం, పెళ్ళి ముహూర్తాలు వచ్చాయంటే మన పని అటకెక్కుతుంది, బంగారం షాపుల వాళ్ళు మెట్లమీదే నిలబడి ఉంటారు. దాన్ని తప్పు పట్టను, అది వాళ్ళ అన్నం. మూఢం రోజుల్లో వెళ్తే మాత్రం అన్నగారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫైలు స్క్రీను మీద తిప్పుతూ ప్రతి భాగం గురించి మాట్లాడతారు. నేను ఇప్పుడు అంబాసిడర్ ఎస్టేట్ (అంబాసిడర్‌లో స్టేషన్ వ్యాగన్ రకం) కొలతలు పోగు చేస్తున్నాను. పాత బండి ఎక్కడైనా షెడ్డులో ఉంటే టేపు పట్టుకుని వెళ్ళి కొలుచుకొస్తాను, దానికి ఫైలు తమ్ముడే గీస్తానన్నాడు. మీ చుట్టుపక్కల అలాంటి బండి ఉందని తెలిస్తే చెప్పండి, తుప్పు పట్టినదైనా ఫర్వాలేదు, వెనక తలుపు మాత్రం ఉండాలి.